ఈశాన్యానికి బయల్దేరిన బోరింగు

మా శాఖలో రిజిస్టరు నిండా అబద్ధాలున్నా ఎవరూ ఏమీ అనరు. కొట్టివేత మాత్రం ఉండకూడదు. ఒక్క గీత గీసి పక్కన సరైన అంకె వేసినవాడు, ఆ గీత ఎందుకు గీశాడో, ఎవరిని అడిగి గీశాడో, ఏ రంగు సిరాతో గీశాడో మూడు ప్రతుల్లో రాసి ఇచ్చుకోవాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను ఒక్కసారే గీశాను. దాని సంజాయిషీ ఇంకా నడుస్తోంది. ఈ సంగతి ముందే చెప్పడం దేనికంటే, తర్వాత జరిగింది వింటే మీరు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకునే ప్రమాదం ఉంది. మాది పిచ్చి కాదండీ, నిబంధన.

నా పేరు కింతలి జగ్గారావు. స్థాననిర్దేశ శాఖలో సర్వేయర్ని. మైలురాయి కానివ్వండి, దీపస్తంభం కానివ్వండి, బోరింగు కానివ్వండి, ప్రభుత్వం వారి ప్రతి వస్తువూ భూమ్మీద సరిగ్గా ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా శాశ్వత రిజిస్టరులో రాసిపెట్టడం మా పని. ఆ రిజిస్టరు ఎవరైనా చూస్తారా అంటే, చూడరు. అయినా రాస్తాం.

ఆ వేసవిలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దేశపటాలకు ఆధారంగా ఉన్న కొలతల పద్ధతి తాతల నాటిదట. గొలుసులు లాగి, కొండలెక్కి, దుర్భిణీల్లో చూసి కట్టిన లెక్క. ఇప్పుడు ఉపగ్రహాలు పైనుంచి కొలుస్తున్నాయి కాబట్టి వాటికి తగ్గట్టు ఆ ఆధారాన్నే మార్చేశారు. కొత్త పద్ధతిలో చూస్తే మా జిల్లాలో ప్రతి వస్తువూ, దాని పేరున రాసిన అంకె చూపించే చోటికి ఒక మీటరు డెబ్భై మూడు సెంటీమీటర్లు నైరుతిగా ఉంది. సర్క్యులర్ రాసిన శాస్త్రజ్ఞులు బుద్ధిమంతులే. కంగారు పడొద్దు, వస్తువులు ఎక్కడివక్కడే ఉన్నాయి, అంకెలు మార్చుకుంటే చాలు అని ఆఖరి పేరాలో విడమరిచి రాశారు. మా ఆఫీసులో ఆఖరి పేరా దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అదే నా కొంప ముంచింది.

మా ఉపసంచాలకులు తాళ్ళూరి విశ్వంభరంగారు మీటింగు పెట్టారు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. ఇంట్లో కాఫీ చల్లారితే "సదరు కాఫీ" అంటారని వాళ్ళ డ్రైవరు చెబుతుంటాడు.

"పదకొండు వేల అంకెలు సార్. పాతవి కొట్టేసి కొత్తవి వేసుకుంటే సరిపోతుంది. నెల్లాళ్ళ పని," అన్నాను నేను.

హెడ్ గుమాస్తా తన కుర్చీని నాకు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

"జగ్గారావుగారూ! శాశ్వత రిజిస్టరులో పదకొండు వేల కొట్టివేతలా?" అన్నారు విశ్వంభరంగారు, ఎవరో పోయారన్న వార్త విన్నట్టు. "మరి దానికి శాశ్వత అనే విశేషణం దేనికి తగిలించినట్టు?"

"అంకె తప్పయింది కద సార్."

"అంకె తప్పు కాలేదు. అంకె మారలేదు, మారదు. నమోదైన స్థానంలో సదరు వస్తువు ఉండకపోవడం సదరు వస్తువు తాలూకు దోషం. దోషం ఎక్కడుందో దిద్దుబాటు అక్కడ జరగాలి. రిజిస్టరును ముట్టుకోకండి. వస్తువులను జరపండి."

హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే అని కాసేపటికి తెలిసింది. పథకానికి 'స్థానశుద్ధి' అని పేరు పెట్టి, టీ తాగి, మీటింగు ముగించారు. దాని అమలు బాధ్యత నవ్వినవాడికి అప్పగించారు.

మైలురాళ్ళతో మొదలుపెట్టాం. రాళ్ళు పాపం ఏమీ అనలేదు. తర్వాత దీపస్తంభాలు జరిపాం. వాటిలో కొన్ని సరిగ్గా రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాయి. బస్సులవాళ్ళు గోల పెడితే, రోడ్డు కూడా రిజిస్టరులో ఉంది కదా, దాన్నీ జరిపాం. రోడ్డు వెళ్ళి మురిక్కాలవలో పడింది. మురిక్కాలవను జరిపితే అది వెళ్ళి అరవై ఇళ్ళ అరుగులెక్కింది. ఆ అరుగులు ప్రైవేటువి, మా పరిధిలోవి కావు, కాబట్టి అక్కడితో ఆ సమస్య మాకు తీరిపోయింది.

మా ఆఫీసుకి కూడా శుద్ధి జరిగింది. భవనం అద్దెది కావడాన రిజిస్టరులో లేదు. లోపలి సామాను ఉంది. విశ్వంభరంగారి కుర్చీని నమోదైన స్థానానికి జరిపితే అది గోడ అవతల వరండాలో తేలింది. బల్ల సరిగ్గా గోడకి అడ్డొచ్చింది. గోడకి కన్నం పెట్టి, బల్ల సగం లోపల, సగం బయట వచ్చేట్టు ఏర్పాటు చేశాం. ఆనాటి నుంచి మేము గదిలో నిలబడి "లోపలికి రావచ్చా సార్?" అని వరండాలో కూర్చున్న ఆయన్ని అడిగేవాళ్ళం. ఆయన ఎండకి కళ్ళు చికిలిస్తూ "రండి" అనేవారు. ఆ మనిషి నిజాయితీని నేను ఏనాడూ శంకించలేదు. అదే అసలు బాధ.

ఇంకో చిత్రం. జరిపేది ఈశాన్యానికని తెలిసేసరికి జనంలో మాకు ఎక్కడలేని గౌరవం పెరిగింది. ప్రభుత్వానికి ఇన్నాళ్ళకి వాస్తు తెలిసిందని వాస్తు సిద్ధాంతులు సభ పెట్టి మాకు శాలువాలు కప్పారు. అర్జీలు గుట్టలు పడ్డాయి. మా పెరట్లో నుయ్యి కూడా జరిపి పెట్టండి, మా ఆయనకి ఎనిమిదేళ్ళుగా ప్రమోషన్ రావడం లేదు అని ఒకావిడ. నూతిని జరపడం కుదరదమ్మా అంటే, "రోడ్డే జరిపారు, నుయ్యో లెక్కా?" అంది.

అలా నాలుగు వందల పదకొండు జరిపాక, నాలుగు వందల పన్నెండో నంబరు వచ్చింది. తెప్పలవలస బోరింగు.

తెప్పలవలస సముద్రం ఒడ్డున నూట నలభై గడపల ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. బోరింగు రాక ముందు అక్కడి ఆడవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకుని, ఇసుకలో అడుగులు దిగబడుతూ, మూడు కిలోమీటర్ల దూరం నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు. గరికిన దేముడమ్మ అని ఎండుచేపల వ్యాపారం చేసుకునే మనిషి, నాలుగేళ్ళ పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి బోరు సాధించింది. పదకొండు చోట్ల వేశారు. పదకొండూ ఉప్పు. పన్నెండోది తియ్యగా పడింది. ఎందుకు పడిందో ఎవరికీ తెలియదు. అడుగు అటూ ఇటూ అయితే లేదు, అంతే.

నేను వెళ్ళి కొలిచి, ఇసుకలో సున్నంతో గుర్తు పెడుతుంటే దేముడమ్మ వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏటి సర్వేరు బాబూ, ఆ సున్నం బొట్టు?"

"బోరింగుని ఇక్కడికి జరపాలమ్మా. సోమవారం లారీ వస్తుంది."

"ఎందుకూ?"

"రిజిస్టరులో అది ఇక్కడుంది."

"అలగైతే ఆ రిజిస్టరులోనే కొట్టుకోండి నీల్లు! మా బోరింగు జోలికి రాకండి."

నేను సర్క్యులర్ సంగతి, ఉపగ్రహాల సంగతి చెప్పబోయాను. ఆవిడ వినలేదు. నా మణికట్టు పట్టుకుని సున్నం గుర్తు పక్కకి లాగింది. అక్కడ రాతికింద మూసిపెట్టిన ఒక గొట్టం మొదలు ఉంది. అది పదకొండో బోరు. నా సున్నం గుర్తుకీ దానికీ జానెడు దూరం. రాయి తీసి, తాడుకి సన్నటి డబ్బా కట్టి లోపలికి వదిలి, నీళ్ళు తోడి నా చేతికిచ్చింది.

"తాగండి."

తాగాను. గొంతులో ఉప్పుకల్లు అడ్డం పడ్డట్టయింది. పక్కనే బోరింగు కొట్టి నింపిన బిందెలోంచి ఇంకో గ్లాసు ఇచ్చింది. అదీ తాగాను. కొబ్బరినీళ్ళంటే నమ్మండి.

"మా కోడలు ఏడో నెల్లో బిందెతో ఆ ఇసకలో పడిపోయింది బాబూ, ఇది రాకముందు," అంది దేముడమ్మ. అంతకు మించి ఆ సంగతి చెప్పలేదు. "మీరు జరిపితే మల్లీ ఆ మూడు కిలోమీటర్లూ నడవాలి. మీ ఉపగ్రహం మోస్తాదేటి?"

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. తిరిగొచ్చి, జరిపే చోట నీరు ఉప్పగా ఉన్నది, ఊరికి వేరే ఆధారం లేదు, మినహాయింపు కోరుతున్నాను అని రిపోర్టు రాశాను. విశ్వంభరంగారి జవాబు మర్నాడే వచ్చింది. "స్థానం ఈ శాఖ పరిధి. రుచి ఈ శాఖ పరిధి కాదు. పరిధి దాటిన అంశం రిపోర్టులో చేర్చినందుకు సంజాయిషీ ఇవ్వగలరు."

శనివారం దేముడమ్మే ఆఫీసుకొచ్చింది. చెరో చేతిలో ఒక సీసా. గదిలోకి వచ్చి అటూ ఇటూ చూసి, గోడ కన్నంలోంచి వరండాలోకి తొంగిచూసి, "దొరగారు బయటున్నారేటి? ఎవలైనా గెంటీసినారా?" అని అడిగింది. హెడ్ గుమాస్తాకి దగ్గు తెర వచ్చింది.

"బాబూ, ఒక సీసా మా బోరింగుది. ఒకటి మీ సున్నం బొట్టు కాడిది. తాగి సూసి మీరే సెప్పండి," అంది దేముడమ్మ, రెండూ బల్ల మీద పెట్టి.

విశ్వంభరంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నమోదైన స్థానానికి సంబంధించిన నీరు ఏది?"

"ఈ ఉప్పుది."

"ఉప్పు, తీపి అనేవి అప్రస్తుతం. సరైన స్థానం నుంచి వచ్చినది సరైన నీరు." ఆ సీసా మూత తీసి, మా అందరి ఎదుటా ఒక గుక్క తాగారు. ముఖం కందగడ్డలా అయింది. కళ్ళు చెమ్మగిల్లాయి. మింగారు. జేబురుమాలుతో మూతి తుడుచుకుని, "స్థానం రీత్యా బాగున్నది," అన్నారు.

దేముడమ్మ ఆయన్ని తేరిపార చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. నిజంగా నమ్మే మనిషితో గొడవ పెట్టుకోవడం ఎలాగో ఆవిడకి అంతుబట్టినట్టు లేదు. సీసాలు తీసుకుని వెళ్ళిపోతూ, "సోమారం లారీ వస్తే దాని ముందల పడుకుంటాం. మా మీదనించి పోనివ్వండి," అని నాకు మాత్రం వినబడేట్టు అంది. ఆవిడ పడుకుంటుంది. నాకు అందులో అనుమానం లేదు.

ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా సర్క్యులర్ మళ్ళీ తీశాను. ఆఖరి పేరా తర్వాత ఒక అనుబంధం కూడా ఉంది. అది నేను కూడా చదవలేదు. మన దేశం నిలబడ్డ రాతిపలక మొత్తం, కొండలూ ఊళ్ళూ నదులతో సహా, ఏటా సుమారు అయిదు సెంటీమీటర్లు ఈశాన్యం దిక్కుగా కదిలిపోతోందట. ఉపగ్రహాలు దాన్ని కూడా కొలుస్తున్నాయట. చదివి, ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాను. అరగంటలో నోట్ తయారుచేశాను.

"సదరు బోరింగు నమోదైన స్థానం వైపు ఇప్పటికే స్వయంగా బయల్దేరి ఉన్నది. ప్రస్తుత వేగం ఏటా అయిదు సెంటీమీటర్లు. గమ్యం చేరుటకు ముప్పై నాలుగు సంవత్సరాల ఏడు నెలలు పట్టును. దారిలో ఉన్న వస్తువును లారీ ఎక్కించుట ఒకే పనిని రెండుసార్లు చేయుట కాగలదు."

విశ్వంభరంగారు నోట్ మూడుసార్లు చదివారు. ఒకే పని రెండుసార్లు చేయడమంటే ఆయనకి కొట్టివేతంత భయం.

"అంటే సదరు బోరింగు ఆదేశాన్ని పాటిస్తున్నదన్నమాట."

"ఆదేశం రాకముందు నుంచే పాటిస్తోంది సార్."

"ఆహా! ఎంత విధేయత!" అన్నారాయన. ఆ వెంటనే, "మరి ఇప్పటికే జరిపిన నాలుగు వందల పదకొండు?" అన్నారు.

అది నేను ఆలోచించలేదు. "అవీ కదులుతాయి సార్. గమ్యం దాటి ఏటా అయిదు సెంటీమీటర్లు ముందుకు పోతాయి."

కుర్చీలోంచి పడిపోతారేమోనని భయపడ్డాను. కానీ ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే ఏటేటా వాటిని అయిదేసి సెంటీమీటర్లు నైరుతికి వెనక్కి లాగుతూ ఉండాలి. సూర్యచంద్రులున్నంత కాలం! అందుకు ఒక శాశ్వత విభాగం అవసరం!" అప్పటికప్పుడే ప్రతిపాదన రాయడానికి కూర్చున్నారు. ఆ ఉత్సాహంలో నా నోట్ మీద సంతకం పెట్టేశారు. లారీ ఆగిపోయింది.

సోమవారం నేనే స్వయంగా తెప్పలవలస వెళ్ళి చెప్పాను. దేముడమ్మ నమ్మకుండా మూడుసార్లు అడిగింది. తర్వాత నాకు నెత్తళ్ళ చేపల పులుసుతో అన్నం పెట్టించింది. ఇరవై ఆరేళ్ళలో ప్రజలు నాకు అన్నం పెట్టడం అదే మొదటిసారి. కడుపు నిండా తిన్నాను. అక్కడితో కథ కంచికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు.

పదిరోజులకి దేముడమ్మ ఫోను. "సర్వేరు బాబూ, బోరింగు సుట్టూ రేకులు కట్టీసినారు! ఏటిది? అన్నం తిని ఎల్లి ఇదేనేటి మీరు సేసింది?"

పరుగున వెళ్ళాను. నిజమే. బోరింగు చుట్టూ మనిషెత్తు రేకుల కంచె, దానికి తాళం, తాళానికి కాపలాదారు. పక్కన బోర్డు. "స్థానశుద్ధి పని పురోగతిలో ఉంది. పని స్థలంలోకి ప్రజలకు ప్రవేశం లేదు. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం." కింద పని పూర్తయ్యే తేదీ వేశారు. అచ్చంగా ముప్పై నాలుగేళ్ళ ఏడు నెలల తర్వాతి తేదీ. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నా చుట్టూ మూగారు. వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అవన్నీ న్యాయమైనవే.

తప్పు నాదే. బయల్దేరింది అని రాశాను. బయల్దేరిందంటే ఇంకా చేరలేదని. చేరలేదంటే పని నడుస్తోందని. పని నడిచేచోట కంచె వెయ్యాలని నిబంధన. అంత సర్వీసు చేసి అంతమాత్రం ఊహించలేకపోయాను.

ఇసుకలో చతికిలబడి నిబంధనల పుస్తకం తిరగేశాను. పని స్థలంలోకి ప్రజలు వెళ్ళకూడదు. పనివాళ్ళు వెళ్ళొచ్చు. నెమ్మదిగా తలెత్తాను.

"దేముడమ్మా, మీ ఊళ్ళో ఆడవాళ్ళు ఎంతమంది?"

ఆ సాయంత్రానికి రెండు వందల ఆరుగురి పేర్లు శ్రమదానం చేసే పనివాళ్ళుగా రాసుకున్నాను. రోజుకి రెండు షిఫ్టులు, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. ఒకే ఒక్క షరతు. బోరింగు కొట్టేటప్పుడు అందరూ ఈశాన్యం వైపు తిరిగి నిలబడాలి. కాపలాదారు తాళం తీశాడు. వాడిదీ ఆ ఊరే, వాడికీ దాహం వేస్తోంది.

నెల తిరక్కుండా విశ్వంభరంగారు తనిఖీకి వచ్చారు. రేకుల తలుపు తీసి చూస్తే లోపల ముప్పై మంది ఆడవాళ్ళు, ముప్పై బిందెలు. దేముడమ్మ కొంగు బిగించి బోరింగు కొడుతోంది.

"వీరు ఏమి చేయుచున్నారు?"

"నెడుతున్నారు సార్, ఈశాన్యానికి," అన్నాను.

"నీరు వచ్చుచున్నదే?"

"నెట్టినప్పుడల్లా కొంచెం కారుతోంది సార్. వృథా కాకుండా బిందెల్లో పట్టుకుంటున్నారు."

దేముడమ్మ ఆయన వైపు చూడకుండా, "ఐలెస్సా!" అని పాట అందుకుంది. మిగతావాళ్ళు కలిపారు. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు వాళ్ళ మగవాళ్ళు పాడేది అది. విశ్వంభరంగారి కళ్ళు చెమర్చాయి.

"ప్రజల భాగస్వామ్యం శ్లాఘనీయం," అన్నారు. ఎండలో వచ్చినవారు కదా, ఒక గ్లాసు నీళ్ళు కూడా పుచ్చుకున్నారు. ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఇంకో గ్లాసు అడగడం పరిధిలోకి వస్తుందా రాదా అని ఆలోచించినట్టు కనబడింది. దేముడమ్మ అడక్కుండానే పోసింది.

జీపు వెళ్ళిపోయాక ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"బాబూ, నాకు తెలీక అడుగుతాను. ఇది నడిసి నడిసి మీ రాతలో ఉన్న కాడికి సేరిపోతాది కదా. అప్పుడేటి సేస్తారు?"

"పని పూర్తయినట్టు రాసి, కంచె తీసేస్తారు."

"అక్కడే ఆగిపోతాదేటి?"

"ఆగదమ్మా. మర్నాటి నుంచి దాటిపోతుంది."

"అంటే సరిగ్గా ఉండీది ఒక్క రోజేనా?"

"ఒక్క రోజే."

ఆవిడ బోరింగు వైపు తిరిగింది. "ఆ ఒక్క రోజూ మమ్మల్ని దొంగల్లాగ కాకుండా మామూలుగా నీల్లు పట్టుకోనిస్తారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. ఆవిడ అన్నం తిన్నవాణ్ణి, చెప్పలేకపోయాను.

"ఆ రోజు ప్రారంభోత్సవం ఉంటుందమ్మా. పెద్దలొస్తారు, టెంట్లు వేస్తారు, రిబ్బను కడతారు. బోరింగు దగ్గరికి ఎవరినీ రానివ్వరు."

దేముడమ్మ తల పంకించింది. లేచి కొంగు దోపుకుని, బిందెల దగ్గరున్న ఆడవాళ్ళని కేకేసింది.

"ఒసే, వినండే! ఆ బోర్డు మీదున్న రోజుకి ముందురోజే ఇంటికి రెండేసి బిందెలు ఎక్కువ పట్టి ఉంచుకోండి. ఆ రోజు నీల్లుండవట!"